నడుముకు కట్టుకున్న భరోసా

2024 జులై, ఆగస్టు నెలల్లో మహారాష్ట్రలోని చంద్రపూర్ నగరంలోను, పక్కనే ఉన్న రాజురాలోను వరుసగా తుపాకులు పేలాయి. జనం తిరిగే చోటే మనుషులు నేలకొరిగారు. అప్పటినుంచి బల్లార్షాలోనో గడ్‌చాందూర్‌లోనో దుకాణం నడుపుకునే మనిషికి, బొగ్గు లారీలు తిప్పుకునే కాంట్రాక్టరుకు "మన దగ్గరా ఒక చిన్న రివాల్వర్ ఉంటే మంచిదేమో" అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. ఈ జిల్లా బొగ్గు, సిమెంటు, కాగితం, కరెంటు మీద బతుకుతోంది. నగదు చేతులు మారే చోట పోటీ ఉంటుంది, పోటీ వెనక పగలు ఉంటాయి. 2015 నుంచి 2021 దాకా మద్యనిషేధం నడిచిన కాలంలో దొంగచాటు సరుకు మీద పెరిగిన డబ్బు ఆ పగలకు మరింత ఆజ్యం పోసింది. 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉన్న రాజురాలోను, గనుల కాలనీల్లోను తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతులు కొత్తవి కావు. కాబట్టి ఆ భయాన్ని నేను తేలిక చేయను. ఆ భయానికి రివాల్వర్ మందు అవుతుందా అన్నదే నా ప్రశ్న. చిన్న రివాల్వర్ నడుముకు కట్టుకున్నవాడికి దక్కేది భరోసా మాత్రమే, రక్షణ కాదు అన్నది నా వాదన. ఆ భరోసా ఖరీదు కూడా ఎక్కువగా అతని ఇంటివాళ్ళే చెల్లిస్తారు.

ముందు వస్తువును దగ్గరగా చూద్దాం. మన దేశంలో లైసెన్సుదారు చేతికి మామూలుగా వచ్చేది కాన్పూర్‌లో తయారయ్యే .32 బోరు రివాల్వర్. గుండు అడ్డకొలత ఇంచుమించు 8 మిల్లీమీటర్లు, ఆరు తూటాలు పడతాయి. పాత నమూనాకు గొట్టం కింద మడత బందు లాంటిది ఉంటుంది. పై గొళ్ళెం నొక్కితే తుపాకీ మధ్యకు విరిగినట్టు తెరుచుకుంటుంది, ఖాళీ తొడుగులు పైకి లేస్తాయి. బ్రిటిష్ కాలపు వెబ్లీ రివాల్వర్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. 2014 జనవరిలో ఇదే బోరులో టైటానియం మిశ్రలోహంతో "నిర్భీక్" అనే తేలిక రివాల్వర్ వచ్చింది. బరువు అర కిలో, అప్పటి ధర 1 లక్షా 22 వేల రూపాయలు. ఇషాపూర్ ఫ్యాక్టరీ .22 బోరులో "నిడర్" తెచ్చింది. దాని బరువు పావు కిలో, అంటే సంచిలో కూరగాయల మధ్య పెట్టినా తెలియదు. 2023 ఆగస్టులో వచ్చిన "ప్రబల్" మళ్ళీ .32 బోరే. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, 50 మీటర్ల దాకా పనిచేస్తుందని తయారీదారులు చెప్పారు. 9 మిల్లీమీటర్ల పిస్టల్ వంటి సైనిక బోర్లు పౌరులకు నిషిద్ధం కాబట్టి మన దగ్గర పిడికిట్లో ఇమిడే తుపాకీ అంటే దాదాపుగా ఇవే. జిల్లాలో భద్రావతి దగ్గర ఆయుధాల కర్మాగారం ఉంది కదా అని కొందరు అనుకుంటారు. అక్కడ తయారయ్యేది సైన్యానికి పనికొచ్చే పెద్ద మందుగుండు, జేబు తుపాకులు కావు.

ఇక్కడే మాగ్నం అన్న మాట వస్తుంది. సినిమాల పుణ్యమా అని ఆ పేరు మనవాళ్ళకు బాగా తెలుసు. .32 తూటాలో బలం చాలదు, అదే కొలతలో మాగ్నం అయితే చిన్న తుపాకీతో పెద్ద పని జరుగుతుంది అన్న ఆశ దాని చుట్టూ అల్లుకుంది. మాగ్నం అంటే లాటిన్‌లో పెద్దదని అర్థం. తూటాల విషయంలో గుండు కొలత మారదు, ఇత్తడి తొడుగు పొడవు పెరుగుతుంది, లోపలి మందు ఒత్తిడి పెరుగుతుంది. అమెరికాలో 1935లో .357 మాగ్నం వచ్చింది, 1959లో .22 మాగ్నం, 1984లో .32 మాగ్నం, 2007లో .327 మాగ్నం వచ్చాయి. ఆ దేశంలో చిన్న బోరు మాగ్నంలకు గట్టి అభిమానులున్నారు. వాళ్ళ వాదనలో పస కూడా ఉంది. .357 కన్నా వెనక్కి తన్నేది తక్కువ, అదే సైజు సిలిండర్‌లో ఒక తూటా ఎక్కువ పడుతుంది, మామూలు .32 కన్నా గుండు చాలా వేగంగా పోతుంది. అయితే ఆ లెక్కంతా నెలకు వంద తూటాలు కొనుక్కుని మైదానంలో కాల్చుకోగలిగే మనిషిది. మన దేశంలోకి విదేశీ చేతి తుపాకుల దిగుమతి 1980ల నుంచి పౌరులకు దాదాపుగా మూసుకుపోయింది. ఇప్పుడు చేతులు మారే విదేశీ రివాల్వర్లు ఎక్కువగా పాతవే, ధరలు లక్షల్లో ఉంటాయి. వాటికి తూటాలు దొరకడం అంతకన్నా కష్టం. మడత బందు మీద తెరుచుకునే మన .32 రివాల్వర్ మాగ్నం ఒత్తిడి కోసం తయారైంది కాదు. పొడవాటి మాగ్నం తూటాను అందులోకి ఎలాగో దూర్చాలని చూసినవాడు తన వేళ్ళతో పందెం కాస్తున్నట్టే. ఇక పొట్టి గొట్టం మాగ్నం నాలుగు గోడల మధ్య పేలితే ఆ మెరుపు కాల్చినవాడి కళ్ళనే కమ్మేస్తుంది. 140 డెసిబెల్స్ దాటిన శబ్దం ఒక్కసారి వినబడినా చెవికి శాశ్వతంగా నష్టం జరగవచ్చు. ఏ చేతి తుపాకీ అయినా ఆ గీత దాటుతుంది, మాగ్నం ఇంకా బాగా దాటుతుంది.

సరే, బలం మాట పక్కన పెడదాం. తుపాకీ ఉంటే దాడి ఆగుతుందా? 2024 నాటి ఆ సంఘటనలను గుర్తు చేసుకోండి. దాడి చేసినవాళ్ళు కబురు పంపి రాలేదు. చోటు, సమయం ముందే ఎంచుకుని అవతలివాడు ఏమరుపాటుగా ఉన్నప్పుడు వచ్చారు. పగతో చేసే దాడి ఎప్పుడూ అలాగే ఉంటుంది. అమెరికాలో డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు 1983లో ఒక లెక్క చెప్పాడు. 21 అడుగుల దూరంలో, అంటే సుమారు ఆరున్నర మీటర్ల దూరంలో కత్తి పట్టుకుని నిలబడినవాడు మీ మీదకు రావడానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. ఒరలోంచి తుపాకీ తీసి గురిపెట్టడానికి శిక్షణ ఉన్న పోలీసుకే అంత సమయం పడుతుంది. చంద్రపూర్ గోల్‌బజార్ సందుల్లో ఆరున్నర మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? చొక్కా కింద, బెల్టు లోపల, తోలు ఒరలో గుండీ వేసి ఉన్న రివాల్వర్‌ను ఒకటిన్నర సెకనులో బయటకు తీయగల వ్యాపారి ఎవరు? తీసినా గురి మాటేమిటి? న్యూయార్క్ పోలీసుల కాల్పులను పరిశీలించిన రాండ్ సంస్థ 2008లో ఒక నివేదిక ఇచ్చింది. ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసులు పేల్చిన గుళ్ళలో లక్ష్యానికి తగిలినవి నూటికి 18 మాత్రమే. ఏటా శిక్షణ తీసుకునేవాళ్ళ సంగతి అది. లైసెన్సు తీసుకున్న రోజు నాలుగు తూటాలు కాల్చి, తరువాత పదేళ్ళు బీరువాలో పెట్టినవాడి గురి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. తగలని గుళ్ళు గాలిలో కలిసిపోవు. సందు చివర ఉన్న పాల దుకాణం దాకా, సైకిల్ మీద వచ్చే పిల్లవాడి దాకా పోతాయి.

వీధిలో అక్కరకు రాని ఆ వస్తువు ఏడాదిలో అన్ని రాత్రులూ ఇంట్లోనే ఉంటుంది. నా ఆందోళనలో ఎక్కువ భాగం దాని గురించే. వెనకటి డబుల్ బ్యారెల్ తుపాకీ గోడకు వేలాడేది. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు, దాన్ని కదిలిస్తే అందరికీ కనిపించేది. చిన్న రివాల్వర్ అలా కాదు. దిండు కింద పెడతారు, కారు డ్యాష్‌బోర్డులో పెడతారు, గల్లాపెట్టె సొరుగులో డబ్బు కట్టల పక్కన పెడతారు. చిన్నది కాబట్టి ఎక్కడైనా ఇముడుతుంది, ఎక్కడైనా ఇముడుతుంది కాబట్టి ఎవరి చేతికైనా అందుతుంది. చాలా రివాల్వర్లకు పిస్టల్‌కు ఉన్నట్టు విడిగా సేఫ్టీ మీట కూడా ఉండదు. 1998లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అమెరికాలో మూడు నగరాల ఇళ్ళల్లో జరిగిన 626 కాల్పుల సంఘటనలను పరిశీలించారు. ఇంట్లోని తుపాకీ ఆత్మరక్షణకు ఒకసారి పేలితే, పొరపాటున నాలుగుసార్లు, దాడుల్లో, హత్యల్లో ఏడుసార్లు, ఆత్మహత్యలకో ఆత్మహత్యా ప్రయత్నాలకో పదకొండుసార్లు పేలింది. అంటే ఒకటికి ఇరవై రెండు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా పెద్దవాళ్ళ రికార్డులు చూసి 2020లో ప్రచురించిన పరిశీలనలో, చేతి తుపాకీ ఉన్న మగవాళ్ళు తుపాకీతో ప్రాణం తీసుకునే అవకాశం, లేనివాళ్ళతో పోలిస్తే ఎనిమిది రెట్లు ఉంది. ఆడవాళ్ళలో అది 35 రెట్లు.

ఇవి అమెరికా లెక్కలు, మనకు అతకవు అని వెంటనే అనేవాళ్ళుంటారు. మన దగ్గర తుపాకులు తక్కువ, తుపాకీ ఆత్మహత్యలు అంతకన్నా తక్కువ. ఆ మాట నిజమే, నేను కాదనను. కానీ చంద్రపూర్, యవత్‌మాల్, ఆదిలాబాద్ పత్తి పొలాల మధ్య బతికే మనకు ఇదే సంగతి మరో రూపంలో బాగా తెలుసు. అప్పుల బాధ ఎన్నో ఊళ్ళల్లో ఉంది. నిస్పృహ ముంచుకొచ్చిన గడియలో చేతికి అందిన పురుగుమందు డబ్బానే అప్పులపాలైన మనిషికి తెల్లవారకుండా చేస్తుంది. శ్రీలంక ప్రభుత్వం అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 తరువాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఆ దేశంలో బాధలు 70 శాతం తగ్గాయని ఎవరూ అనరు. ప్రాణం తీసేది చేతికి అందే దూరంలో లేకుండా పోయింది. చాలామందిలో ఆ గడియ దాటిపోయింది, దాటినవాళ్ళు బతికారు. మనిషి కోపమూ అంతే, నిస్పృహా అంతే, రెండూ కాసేపటివి. అమెరికావాడి కోపం వేరు, బల్లార్షావాడి కోపం వేరు కాదు. అందుకే ఇంట్లో తుపాకీ చేతికి ఎంత దూరంలో ఉందన్నదాన్ని నేను అంత గట్టిగా పట్టుకుంటున్నాను.

ఆడవాళ్ళ రక్షణ మాట ఎత్తినప్పుడు తుపాకీ వద్దనేవాళ్ళలో చాలామంది నోరు మూసుకుంటారు. నిర్భీక్‌కు ఆ పేరు పెట్టిందే 2012 ఢిల్లీ అత్యాచార సంఘటనలో చనిపోయిన అమ్మాయి జ్ఞాపకంగా. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ లక్షా 22 వేల వస్తువు ఏ అమ్మాయికి అందుతుంది? రాత్రి షిఫ్టు ముగించుకుని ఆటో కోసం ఎదురుచూసే నర్సుకా, పొలం పనికి పోయే కూలి తల్లికా? పైగా ఆడవాళ్ళ మీద హింస ఎక్కువగా జరిగేది తెలిసినవాళ్ళ చేతుల్లో, నాలుగు గోడల మధ్య. ఆ స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే 2022లో మరో పరిశీలన ప్రచురించారు. చేతి తుపాకీ ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళు, ఆ ఇంట్లోనే భర్త చేతిలోనో భాగస్వామి చేతిలోనో కాల్పులకు బలయ్యే అవకాశం తుపాకీ లేని ఇళ్ళతో పోలిస్తే ఏడు రెట్లు ఎక్కువని తేలింది. అలా పోయినవాళ్ళల్లో అత్యధికులు స్త్రీలు. ఆడవాళ్ళ రక్షణ కోసమని కొన్న తుపాకీ ఆ ఇంటి ఆడమనిషి మీదకే తిరగడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

దొంగల చేతిలో కట్టాలు, అంటే నాటు తుపాకులు ఉన్నాయి, మర్యాదస్తుడు మాత్రం ఉత్త చేతులతో ఉండాలా అన్న ప్రశ్న బలమైనదే. దేశంలో తుపాకీతో జరిగే హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేని నాటు ఆయుధాలతోనే జరుగుతున్నాయి. ఇందులో అనుమానం లేదు. కానీ కట్టాకు విరుగుడు ఇంకో రివాల్వర్ అయితే, దేశంలో అత్యధిక లైసెన్సులున్న ఉత్తరప్రదేశ్ ఈపాటికి ప్రశాంతంగా ఉండాలి. 2016 చివరికి దేశంలో 33 లక్షలకు పైగా లైసెన్సులుంటే అందులో 12 లక్షలకు పైగా ఆ ఒక్క రాష్ట్రానివే. అయినా అక్కడి నాటు తుపాకుల బెడద చూసి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చింది. ఆయుధం ధరించడం అమెరికాలోలా ఇక్కడ ప్రాథమిక హక్కు కాదని ఆ సందర్భంలోనే న్యాయమూర్తులు గుర్తు చేశారు. కట్టాకు విరుగుడు చట్టంలోనే ఉంది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకీ దొరికితే కనీస శిక్ష రెండేళ్ళు, గరిష్ఠం అయిదేళ్ళు. ఆ కట్టా ఎక్కడ తయారైంది, ఏ రైల్లో బల్లార్షా జంక్షన్‌లో దిగింది, ఎవరు అమ్మారు అని చివరిదాకా లాగే దర్యాప్తు కావాలి. వ్యాపార సంఘాలు కలెక్టరు దగ్గరకు వెళ్ళి లైసెన్సులు అడిగే బదులు ఎస్పీ దగ్గరకు వెళ్ళి ఈ దర్యాప్తు అడిగితే నగరానికి మేలు.

హక్కు మాట కూడా వదలకుండా చెప్పుకోవాలి. 1878లో లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయులను నిరాయుధులను చేయడానికే పుట్టింది. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు. పరాయి పాలనలో అది న్యాయమైన కోరిక. స్వతంత్రం వచ్చాక 1948లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసం సవరణ తెచ్చారు, సభ దాన్ని ఆమోదించలేదు. 1959 ఆయుధాల చట్టం తుపాకీని అనుమతితో పొందే వస్తువుగానే ఉంచింది. రాజ్యాంగ సభలో ముసాయిదాను నడిపించిన అంబేడ్కర్ 1956 అక్టోబరు 16న ఈ చంద్రపూర్‌లోనే వేలాదిమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. శతాబ్దాల దౌర్జన్యం భరించిన జనం ఆ రోజు ఇక్కడికి వచ్చింది చేతిలో ఆయుధం లేకుండానే.

తాడోబా పులుల అభయారణ్యం అంచు ఊళ్ళవాళ్ళ బాధ వేరు. ఈ జిల్లాలో పులి చేతిలో ఏటా పదుల మంది పోతున్నారు. థర్మల్ కేంద్రం ఆవరణలోను దుర్గాపూర్ కాలనీల్లోను కూడా పులి, చిరుత కనిపిస్తున్నాయి. కానీ ఆరు గ్రాముల .32 గుండు రెండు వందల కిలోల జంతువును ఆపదు. గాయపరుస్తుంది, గాయపడ్డ పులి ఊరికి ఇంకా పెద్ద గండం. ప్రాణరక్షణ కోసం మంచి మనసుతో చేసిన పనిని 1972 వన్యప్రాణి చట్టం నేరంగా చూడదు. అయితే అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళడం మాత్రం నేరమే. అక్కడ కావలసింది వంట చెరకు కోసం అడవికి పోనక్కరలేని గ్యాస్ బండ, వీధి దీపం, అటవీ సిబ్బంది గస్తీ.

నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్ళు లేరని నేను అనడం లేదు. బెదిరింపులు పోలీసు రికార్డుల్లోకి ఎక్కినవాళ్ళు, సాక్ష్యం చెప్పి తిరిగి వచ్చినవాళ్ళు ఉంటారు. వాళ్ళ లైసెన్సును నేను తప్పుపట్టను. అలాంటివాళ్ళు 2016 ఆయుధాల నియమాలు చెప్పే శిక్షణను కాగితం కోసం కాక చేతికి వచ్చేలా నేర్చుకోవాలి. బయటకు తీసుకువెళ్ళినప్పుడు ఒరలో, కప్పి ఉంచాలి. ఇంట్లో తుపాకీ ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో ఉండాలి. పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి కాల్చడం ఇప్పుడు రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే నేరం. మిగిలినవాళ్ళకు, అంటే హోదా కోసమో, పక్క కాంట్రాక్టరు దగ్గర ఉందనో, తండ్రి నుంచి వచ్చిందనో ఉంచుకున్నవాళ్ళకు నాదొక విన్నపం. 2024లో ఏప్రిల్ 19న లోక్‌సభ పోలింగ్ జరిగింది, నవంబరు 20న శాసనసభ పోలింగ్ జరిగింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సుదారుల్లో చాలామంది తమ తుపాకులు అప్పగించి, వారాల తరబడి అవి లేకుండానే దుకాణాలు తెరుస్తారు, లారీలు నడుపుతారు, రాత్రి నిద్రపోతారు. అలా ఉండగలిగినవాళ్ళు మిగిలిన నెలల్లోనూ ఉండగలరు. లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ మీ రివాల్వర్‌ను భద్రపరచమని అడగండి, రసీదు తీసుకోండి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరి మనసైనా కుంగి ఉంటే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అలాంటి ఇంట్లో తుపాకీ ఉంటే ఎన్నికల దాకా ఆగకండి, రేపు పొద్దున్నే దాన్ని ఇల్లు దాటించండి.